మదర్‌బోర్డు మార్చిన తరువాత పాత విండోస్‌నే నడిపించుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్లలో కంప్యూటరు మదర్‌బోర్డు పోయిందని బాగుచేసే దుకాణానికి తీసుకువెళితే, మొదట వినిపించే మాట “బోర్డు మారిస్తే ఫార్మాట్ కొట్టాల్సిందే” అన్నది. చాలా సందర్భాలలో ఆ మాట నిజం కాదు. విండోస్ 10, విండోస్ 11, అలాగే ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాలు కొత్త బోర్డును గుర్తించి దానికి తగిన డ్రైవర్లను (ఒక్కో భాగాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాములను) తామే ఎక్కించుకోగలవు. ఫార్మాట్ చేస్తే పోయేది విండోస్ ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి సరిచేసుకున్న ప్రింటరు అమరికలు, తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి ఫాంట్లతో తయారుచేసిన పెళ్లిపత్రికలు, రెండు భాషల దరఖాస్తు నమూనాలు, ట్యాలీ లెక్కలు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు అన్నీ ఆ దెబ్బతో పోతాయి. అందుచేత ఫార్మాట్ అన్నది మిగతా దారులన్నీ మూసుకుపోయాక చేయవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ దారులు ఏమిటో, ఏ క్రమంలో ప్రయత్నించాలో ఇక్కడ వివరిస్తాను.

ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది డిస్కులో గాని బోర్డు మీద కాదు. అయినా బోర్డుతో దానికి కొన్ని ముడులు పడి ఉంటాయి. కంప్యూటరు ఆన్ కాగానే డిస్కులోని విండోస్‌ను వెతికి పట్టుకునే పద్ధతి బోర్డులోని బయోస్ అనే తొలి ప్రోగ్రాముది. డిస్కుతో మాట్లాడే కంట్రోలరు బోర్డుది. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ రక్షణ తాళం వేసి ఉంటే, ఆ తాళం తెరిచే రహస్యం టీపీఎం అనే భాగంలో ఉంటుంది. అది బోర్డు మీద విడి చిప్‌గానో, ప్రాసెసరుకు సంబంధించిన ఫర్మ్‌వేర్‌లోనో ఉంటుంది. విండోస్ యాక్టివేషన్ (లైసెన్సు నిర్ధారణ) కూడా ప్రధానంగా బోర్డునే గుర్తు పెట్టుకుంటుంది. చివరిగా నెట్‌వర్క్ కార్డు ఉంది, దాని మ్యాక్ అడ్రస్ (గుర్తింపు సంఖ్య) బోర్డుతో పాటే మారిపోతుంది. బోర్డు మార్చాక వచ్చే చిక్కులు చాలావరకు ఈ ముడులలో ఏదో ఒకదాని వద్దే వస్తాయి. కనుక ఏ చిక్కు వచ్చినా, అది వీటిలో దేనికి చెందినదో ముందు తేల్చుకుంటే సగం పని అయినట్లే.

పాత బోర్డు ఇంకా పనిచేస్తూ ఉంటే

బోర్డు పూర్తిగా పోకుండా, కెపాసిటర్లు ఉబ్బి మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోందనుకుందాం. అప్పుడు మీకు ఒక మంచి అవకాశం ఉన్నట్టే. దానిని వదులుకోకుండా, క్యాబినెట్ విప్పకముందే కొన్ని పనులు ముగించాలి.

మొట్టమొదటిది ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి తీసుకోవడం. మన ప్రాంతంలో ఫైళ్ల పేర్లు తెలుగులోనో ఒడియాలోనో ఉండడం మామూలే. పాతకాలపు జిప్ సాఫ్ట్‌వేర్లతో కుదించితే ఆ పేర్లు ప్రశ్నార్థకాలుగా, పిచ్చి గుర్తులుగా మారిపోయే ప్రమాదం ఉంది. కనుక ఫోల్డర్లను కుదించకుండా ఉన్నవి ఉన్నట్టే కాపీ చేయడం మేలు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ లేదా అంతకు మించిన ఫైలు అందులో పట్టదు. పెళ్లి వీడియోల వంటివి ఉన్నవారు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో గాని ఎక్స్‌ఫ్యాట్‌లో గాని ఉన్న డిస్కును వాడాలి. అను, ఆకృతి వంటివాటి ఫాంట్ ఫైళ్లను కూడా విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డరు నుంచి విడిగా తీసి ఉంచుకోండి.

రెండవది బూట్ పద్ధతి, అంటే కంప్యూటరు విండోస్‌ను లేపే పద్ధతి ఏదో తెలుసుకోవడం. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 అని కొడితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కిటికీ తెరుచుకుంటుంది. (ఈ వ్యాసంలోని ఆదేశాలను తెలుగు అక్షరాలలో రాశాను గాని, కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి.) అందులో బయోస్ మోడ్ అన్న వరుస ఎదురుగా లెగసీ (పాత పద్ధతి) అనో, యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) అనో ఉంటుంది. ఈ ఒక్క మాటను కాగితం మీద రాసి పెట్టుకోండి. తరువాత జరిగేదంతా దీని మీదే ఆధారపడుతుంది. లెగసీలో ఎక్కించిన విండోస్ ఎంబీఆర్ డిస్కు మీద, యూఈఎఫ్‌ఐలో ఎక్కించినది జీపీటీ డిస్కు మీద ఉంటుంది; ఎంబీఆర్, జీపీటీ అన్నవి డిస్కులోని భాగాల పట్టికను రాసుకునే పాత, కొత్త పద్ధతులు.

మూడవది బిట్‌లాకర్. మా కంప్యూటరుకు అలాంటిదేమీ పెట్టలేదు అని చాలామంది అంటారు గాని, విండోస్ 11 లోని 24హెచ్2 రూపాన్ని కొత్తగా ఎక్కించి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, హోం ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఇదీ బిట్‌లాకర్ రకం తాళమే) దానంతట అదే ఆన్ అవుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ భాగంలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆఫ్ చేసి, డిస్కు మొత్తం తాళం విడేవరకు ఓపిక పట్టండి. ప్రో ఎడిషన్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ పేజీలో సస్పెండ్ ప్రొటెక్షన్ అన్నది నొక్కితే చాలు. అది నొక్కాక కంప్యూటరును మళ్లీ రీస్టార్ట్ చేయకుండా నేరుగా షట్‌డౌన్ చేయాలి, ఎందుకంటే ఒకసారి రీస్టార్ట్ అయితే మామూలుగా ఆ రక్షణ తిరిగి మొదలవుతుంది. ఏది చేసినా, 48 అంకెల రికవరీ కీని ముందుగా కాగితం మీద ముద్రించి దగ్గర పెట్టుకోవడం తప్పనిసరి. ఆ కీని అదే డిస్కులో దాచుకుంటే అవసరం వచ్చినప్పుడు చేతికి అందదు.

దీనికి అనుబంధంగా ఇంకొక విషయం ఉంది. విండోస్‌లోకి నాలుగంకెల పిన్‌తోనో వేలిముద్రతోనో వెళ్లేవారు అసలు ఖాతా పాస్‌వర్డును మరచిపోయి ఉంటారు. పిన్ కూడా టీపీఎంతో ముడిపడినదే. బోర్డు మారాక అది పనిచేయకపోవచ్చు. అప్పుడు పాస్‌వర్డు ఒక్కటే దిక్కు కనుక, దానిని ఇప్పుడే ఒకసారి కొట్టి సరిచూసుకోండి. సెట్టింగ్స్‌లో (విండోస్ 11 లో సిస్టమ్ కింద, విండోస్ 10 లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉండే) యాక్టివేషన్ పేజీకి వెళ్లి, డిజిటల్ లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతపడి ఉందో లేదో కూడా చూడండి. జతపడకపోతే ఇప్పుడే ఖాతాతో లాగిన్ అయి జతచేయండి.

ట్యాలీ వాడేవారు లైసెన్సును సరెండర్ చేసి, కొత్త బోర్డు పెట్టాక తిరిగి యాక్టివేట్ చేసుకోవడం శుభ్రమైన పద్ధతి. డీటీపీ సాఫ్ట్‌వేర్లలో యూఎస్‌బీ డాంగిల్‌తో (లైసెన్సు ఉండే చిన్న పరికరంతో) నడిచేవాటికి ఇబ్బంది లేదు, డాంగిల్ ఎక్కడ పెడితే అక్కడ నడుస్తాయి. కంప్యూటరు గుర్తింపు సంఖ్యను చూసి నడిచేవాటికి మాత్రం అమ్మినవారిని ముందుగానే అడగాలి.

ఇక డ్రైవర్లు. కొత్త బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్ పేజీ నుంచి చిప్‌సెట్ (బోర్డులోని ప్రధాన చిప్), లాన్, వైఫై, స్టోరేజ్ డ్రైవర్లను దించుకుని, జిప్ విప్పి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. బోర్డును బరంపురం నుంచో విశాఖపట్నం నుంచో తెచ్చుకునే మనవంటివారికి ఇది మరీ ముఖ్యం. బోర్డు బిగించాక నెట్ రాకపోతే, డ్రైవరు కోసం మళ్లీ ఎవరి ఇంటికో వెళ్లవలసి వస్తుంది. మరొక పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఇన్‌స్టాలర్‌ను తయారు చేసుకోండి. అది ఫార్మాట్ కోసం కాదు, మరమ్మతు కోసం.

చివరిగా షట్‌డౌన్ చేసేటప్పుడు షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న విండోస్ మామూలు షట్‌డౌన్‌లో పూర్తిగా ఆగదు. పాత హార్డ్‌వేర్ స్థితిని కొంత డిస్కులో దాచుకుంటుంది. షిఫ్ట్‌తో చేస్తే పూర్తిగా ఆగుతుంది.

బోర్డు ఒక్కసారిగా పోయినప్పుడు

వానాకాలంలో పిడుగుపాటుకు లాన్ కేబుల్ ద్వారానో కరెంటు తీగల ద్వారానో దెబ్బ తగిలి బోర్డు మాడిపోవడం మన వైపు తరచుగా చూసేదే. అప్పుడు పైన చెప్పినవేవీ ముందుగా చేసే వీలుండదు. డిస్కును విప్పి, యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో వేరే కంప్యూటరుకు తగిలించి చూడండి. ఫైళ్లు కనిపిస్తే ముందు వాటిని కాపీ చేసుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్కు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ ట్యాబు చూస్తే పార్టిషన్ స్టైల్ అన్నచోట ఎంబీఆర్ అనో జీపీటీ అనో ఉంటుంది. లెగసీయా, యూఈఎఫ్‌ఐయా అన్నది దానినిబట్టి తెలిసిపోతుంది. డిస్కు తెరుచుకోక, బిట్‌లాకర్ కీ అడిగితే, ఫోనులో మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌సైటులోకి లాగిన్ అయి, డివైసెస్ భాగంలో మీ కంప్యూటరు పేరు కింద రికవరీ కీ ఉందేమో చూడండి. తెరమీద కనిపించే కీ ఐడీ, ఖాతాలోని కీ ఐడీ ఒకటే అయితే అదే మీ కీ. కీ ఎక్కడా దొరకకపోతే ఆ డిస్కులోని సమాచారాన్ని ఏ దుకాణమూ తెరవలేదు. తెరుస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. పాత బోర్డును చంపింది ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు అందించే పెట్టె) అయితే, కొత్త బోర్డును కూడా అదే చంపుతుంది. బోర్డుతో పాటు దానిని పరీక్షించనిదే బిగించవద్దు.

ఏ బోర్డు కొంటే పని సులువవుతుంది

పాతదాని చిప్‌సెట్టే ఉన్న బోర్డు దొరికితే ఈ వ్యాసంలో సగం మీకు అవసరం లేదు. మన ఆఫీసులలో, జాబ్ టైపింగ్ దుకాణాలలో ఇప్పటికీ హెచ్61 బోర్డుల మీద నడిచే కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. ఆ చిప్‌సెట్‌తో కొత్తగా తయారైన బోర్డులు మార్కెట్లో దొరుకుతాయి కూడా. పాత ప్రాసెసరు, పాత డీడీఆర్3 ర్యామ్ అందులోనే సరిపోతాయి, విండోస్ దాదాపు ఏమీ జరగనట్టే లేస్తుంది.

పేరు దగ్గరగా ఉంది కదా అని హెచ్610 బోర్డును దానికి బదులు అనుకోకూడదు. హెచ్61 బోర్డులు 2011–12 కాలపు ఇంటెల్ రెండవ, మూడవ తరం ప్రాసెసర్లవి. హెచ్610 అన్నది 2022 లో వచ్చినది, 12వ తరం నుంచి పనిచేస్తుంది. ప్రాసెసరు, ర్యామ్, బూట్ పద్ధతి అన్నీ మారిపోతాయి. అలా మారడం తప్పు కాదు, వేగం ఎంతో పెరుగుతుంది. కాని అప్పుడు విండోస్‌ను లేపడానికి కింద చెప్పిన శ్రమ పడాలి. విండోస్ 7 నడుపుతూ ఉన్నవారు మాత్రం కొత్త బోర్డుకు దానిని తరలించే ఆలోచన మానుకోవాలి. కొత్త బోర్డుల యూఎస్‌బీ కంట్రోలరుకు అందులో డ్రైవరే లేదు కనుక, లాగిన్ తెర దాకా వచ్చినా మౌసు కదలదు, కీబోర్డు పలకదు.

బయోస్‌లో చూడవలసినవి

కొత్త బోర్డు బిగించాక, డిస్కులన్నీ కాకుండా విండోస్ ఉన్న ఒక్క డిస్కునే తగిలించి, బయోస్‌లోకి వెళ్లండి. సాధారణంగా డిలీట్ మీట గాని ఎఫ్2 గాని నొక్కాలి. మొదట తేదీ, సమయం సరిచేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తేదీ తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, యాక్టివేషన్ కూడా జరగదు, కారణం తెలియక ఎంతో సమయం వృథా అవుతుంది. ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీని అంతా కుదుటపడేవరకు ఆన్ చేయవద్దు.

తరువాత సాటా మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి. పాత బోర్డులో ఏ పద్ధతి ఉండేదో ఇక్కడా అదే ఉంచాలి. ఈనాటి విండోస్‌లకు సాధారణంగా ఏహెచ్‌సీఐ సరైనది. పాత హెచ్61 బోర్డులు చాలావాటిలో ఐడీఈ పద్ధతి ముందే ఎంచి ఉండేది, అలాంటివాటి మీద ఎక్కించిన విండోస్ ఏహెచ్‌సీఐలో మొదటిసారి నీలితెర (విండోస్ ఆగిపోయినప్పుడు వచ్చే నీలిరంగు తెర) చూపవచ్చు. దానికి మందు కింద చెబుతాను. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన బోర్డులలో వీఎండీ అనే అమరిక ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పాత విండోస్‌కు డిస్కే కనబడకపోవచ్చు. రెయిడ్ (పలు డిస్కులను కలిపి వాడే పద్ధతి) వాడనివారు దానిని ఆఫ్ చేయడం మంచిది.

చివరిది బూట్ మోడ్. మీరు కాగితం మీద రాసుకున్నది యూఈఎఫ్‌ఐ అయితే సీఎస్‌ఎంను (లెగసీ పద్ధతిని అనుమతించే అమరికను) ఆఫ్‌లోనే ఉంచండి. లెగసీ అయితే, బోర్డులో సీఎస్‌ఎం ఆన్ చేసే వీలుందేమో చూడండి. అయితే ఇంటెల్ 500 శ్రేణి మొదలుకొని, విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌నే వాడేటప్పుడు సీఎస్‌ఎం పనిచేయదు. అలాంటి చోట డిస్కునే జీపీటీకి మార్చడం తప్ప దారి లేదు.

మొదటిసారి లేచేటప్పుడు

అన్నీ కుదిరితే విండోస్ గుర్తు కింద గెటింగ్ డివైసెస్ రెడీ అన్న మాట, పక్కన శాతం అంకెలు కనిపిస్తాయి. కొన్నిసార్లు అంకె ఒకచోట చాలాసేపు ఆగిపోయినట్టు అనిపిస్తుంది, మధ్యలో కంప్యూటరు తనంత తానే రీస్టార్ట్ కావచ్చు. ఈ దశలో పవర్ బటన్ నొక్కి ఆపడమే అన్నింటికన్నా ప్రమాదకరం. యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. వానగాలి వేళ కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని చోట ఉన్నవారు మబ్బు లేని పూట చూసుకోవడం మంచిది.

లేవకపోతే

విండోస్ లేవకపోతే కంగారు పడకుండా తెర మీద ఏముందో చదవాలి. బూట్ డివైస్ దొరకలేదన్న మాట వచ్చినా, నేరుగా బయోస్‌లోకే తిరిగి వెళ్లినా, అది వెతికి పట్టుకునే పద్ధతికి సంబంధించిన చిక్కు. ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అన్న నీలితెర వస్తే, విండోస్ మొదలైంది గాని డిస్కు కంట్రోలరుతో మాట్లాడలేకపోయిందని అర్థం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

మొదటి చిక్కు ఎక్కువగా ఎంబీఆర్ డిస్కుతో వస్తుంది. పర్లాకిమిడిలోని ఒక జాబ్ టైపింగ్ దుకాణంలో హెచ్61 నుంచి హెచ్610 కు మారినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. విండోస్ 10 చెక్కుచెదరకుండా డిస్కులో ఉంది, బయోస్‌కు మాత్రం డిస్కు పేరు కనబడుతుంది గాని బూట్ జాబితాలో ఏమీ లేదు. అలాంటప్పుడు ముందుగా తయారుచేసిన విండోస్ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, భాష అడిగే తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 మీటలు కలిపి నొక్కితే నల్లటి కమాండ్ కిటికీ వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్ అంటే డిస్కుల సంఖ్యలు కనిపిస్తాయి; మీ విండోస్ డిస్కు సంఖ్య చూసుకుని ఎగ్జిట్ అనండి. అది 0 అయితే, ఎంబీఆర్2జీపీటీ /వాలిడేట్ /డిస్క్:0 అని కొట్టాలి. ఇది డిస్కును ముట్టుకోదు, మార్చడం కుదురుతుందో లేదో మాత్రం చెబుతుంది. కుదురుతుందంటే వాలిడేట్ స్థానంలో కన్వర్ట్ అని పెట్టి మళ్లీ కొట్టండి. ఫైళ్లు పోకుండానే డిస్కు జీపీటీకి మారి, యూఈఎఫ్‌ఐకి కావలసిన చిన్న భాగం ఏర్పడుతుంది. ఈ ఉపకరణం విండోస్ 10 లోని 1703 రూపంతో, అంటే 2017 నుంచి మైక్రోసాఫ్ట్ వారే ఇస్తున్నది. బిట్‌లాకర్ ఉన్న డిస్కు అయితే ముందు దానిని సస్పెండ్ చేసి ఉండాలి.

ఆ దుకాణంలో వాలిడేట్ దగ్గరే ఆగిపోయింది. కారణం, ఒకప్పుడు విండోస్ ఎక్కించిన ప్రతివారూ డిస్కును సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేసేవారు. నాలుగవ ముక్క దగ్గర విండోస్ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను సృష్టించి, మిగతావాటిని అందులో పెట్టేది. ఎంబీఆర్2జీపీటీ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్న డిస్కును తీసుకోదు, ప్రైమరీ పార్టిషన్లు (విడిగా నిలిచే ముక్కలు) కూడా మూడు మించకూడదు. అప్పుడు రెండు మార్గాలు ఉన్నాయి. లోపలి డ్రైవుల ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేసి, వాటిని, ఎక్స్‌టెండెడ్ భాగాన్ని తొలగించి, మళ్లీ వాలిడేట్ చేయడం ఒకటి. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, సీ డ్రైవును, దానితో ఉండే సిస్టమ్ రిజర్వ్‌డ్ భాగాన్ని మాత్రమే దానిపైకి క్లోన్ (ఉన్నది ఉన్నట్టు నకలు) చేసి, అక్కడ కన్వర్ట్ చేసి, పాత డిస్కును ముట్టుకోకుండా పక్కన ఉంచడం రెండవది. రెండవదానికి ఖర్చు ఎక్కువ గాని, ఏదైనా తప్పు జరిగినా అసలు సమాచారం భద్రంగా ఉంటుంది. నేను ఎవరికైనా దీనినే సిఫారసు చేస్తాను. ఆ దుకాణంవారూ ఇదే చేసుకున్నారు, ముందురోజు తెరిచి ఉంచిన అను ఫైళ్లు కొత్త బోర్డు మీద అలాగే తెరుచుకున్నాయి.

డిస్కు ఇప్పటికే జీపీటీ అయి ఉండి కూడా బూట్ జాబితాలో కనబడకపోతే, బూట్ వివరాలు పాత బోర్డు జ్ఞాపకంలో ఉండి పోయాయని అర్థం. చాలా బోర్డులు డిస్కును వెతికి విండోస్ బూట్ మేనేజర్‌ను తామే చేర్చుకుంటాయి. చేర్చుకోకపోతే అదే కమాండ్ కిటికీలో డిస్క్‌పార్ట్ ద్వారా ఫ్యాట్32 లో ఉండే చిన్న సిస్టమ్ పార్టిషన్‌ను ఎంచి, దానికి ఎస్ అన్న అక్షరం కేటాయించి, బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ అని కొట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇన్‌స్టాలర్ కిటికీలో డ్రైవుల అక్షరాలు మారిపోవడం సాధారణం, మీ విండోస్ ఉన్నది సీ కాకుండా డీ గా కనిపించవచ్చు. డైరెక్టరీ చూపే డీఐఆర్ ఆదేశంతో విండోస్ ఫోల్డరు ఎక్కడ ఉందో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

నీలితెర చిక్కుకు మొదటి మందు సేఫ్ మోడ్. రెండు మూడుసార్లు విండోస్ లేవలేకపోతే మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అన్నవి వరుసగా నొక్కి, వచ్చిన జాబితాలో 4 అంకె నొక్కితే సేఫ్ మోడ్‌లో లేస్తుంది. ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారినప్పుడు వచ్చే నీలితెర చాలావరకు దీనితోనే తీరిపోతుంది, ఎందుకంటే ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచేసరికి విండోస్ కొత్త కంట్రోలరుకు తగిన డ్రైవరును ఆన్ చేసుకుంటుంది. తరువాత మామూలుగా రీస్టార్ట్ చేయండి. దీనితో తీరకపోతే, కమాండ్ కిటికీ నుంచి పెన్‌డ్రైవ్‌లోని స్టోరేజ్ డ్రైవరును నేరుగా విండోస్‌లోకి ఎక్కించవచ్చు. విండోస్ సీ లోను, డ్రైవర్లు ఈ లోను ఉన్నాయనుకుంటే, డిస్మ్ /ఇమేజ్:సీ:\ /యాడ్-డ్రైవర్ /డ్రైవర్:ఈ:\ /రికర్స్ అన్నది ఆదేశం. అందుకే డ్రైవర్లను జిప్ విప్పి పెట్టుకోమన్నాను. జిప్‌లో ఉన్నదానిని ఇది చదవలేదు.

నీలిరంగు తెరపై బిట్‌లాకర్ రికవరీ అని వస్తే అది తప్పు కాదు, తాళం తన పని తాను చేస్తోంది. 48 అంకెలు కొట్టి లోపలికి వెళ్లాక, రక్షణను ఒకసారి సస్పెండ్ చేసి తిరిగి రెజ్యూమ్ చేస్తే కొత్త టీపీఎంతో ముడిపడుతుంది. లేకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ ఆ అంకెలు అడుగుతూనే ఉండవచ్చు.

లేచిన తరువాత

నెట్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దీనికి కావలసిన డ్రైవరు విండోస్‌లో ముందే ఉంటుంది. ఆ నెట్‌తోనే విండోస్ అప్‌డేట్ మిగతా డ్రైవర్లను చాలావరకు దించుకుంటుంది. చిప్‌సెట్ డ్రైవరును మాత్రం తయారీదారు ఇచ్చినదే ఎక్కించడం మేలు. డివైస్ మేనేజరులో పసుపు గుర్తులు లేకుండా చూసుకుని, పాత బోర్డు కంపెనీ ఇచ్చిన ఫ్యాను, లైటు, వేగం సర్దే సాఫ్ట్‌వేర్లను తొలగించండి. కొత్త బోర్డు మీద అవి ఏ పనికీ రావు, అప్పుడప్పుడు హాని చేస్తాయి.

ఊళ్లో కేబుల్ లేదా ఫైబరు నెట్ ఇచ్చేవారిలో కొందరు మ్యాక్ అడ్రస్‌ను నమోదు చేసుకుని దానికే నెట్ ఇస్తారు. కంప్యూటరుకు నేరుగా వారి తీగ తగిలించుకున్నవారికి లాన్ లైటు వెలుగుతూ ఉన్నా నెట్ రాకపోతే కారణం ఇదే కావచ్చు. “మదర్‌బోర్డు మారింది, మ్యాక్ మారింది, రీసెట్ చేయండి” అని ఫోను చేసి చెబితే చాలు.

యాక్టివేషన్ పోతే, సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, ఈ పరికరంలో ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను అన్న అర్థం ఇచ్చే వరుసను ఎంచి, అదే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. విడిగా కొన్న రిటైల్ లైసెన్సుకు ఇలా బదిలీ అయ్యే హక్కు ఉంది. కంప్యూటరుతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు మామూలుగా ఆ బోర్డుతోనే పోతుంది; అయితే పాడైన బోర్డు స్థానంలో తయారీదారు అదే రకం బోర్డును వేసినప్పుడు లైసెన్సు కొనసాగుతుంది. కనుక బ్రాండెడ్ ల్యాప్‌టాప్ బోర్డును సర్వీస్ సెంటరులో మార్పించేవారు, పాత బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఉండే విండోస్ కీని కొత్తదానిలో కూడా పెట్టారా అని అడిగి, వారి ఎదుటే యాక్టివేషన్ పేజీ తెరిచి చూపించమనాలి. హోం ఎడిషన్ లైసెన్సుతో ప్రో యాక్టివేట్ కాదన్నది కూడా గుర్తుంచుకోండి. యాక్టివేట్ కాకపోయినా మీ ఫైళ్లకు ఏమీ కాదు. తెర మూలన ఒక గుర్తు నిలుస్తుంది, వాల్‌పేపర్ వంటి అమరికలు మార్చనివ్వదు, అంతే. కనుక తొందరపడి ఎక్కడో దొరికిన క్రాక్‌ను నడపవలసిన అవసరం లేదు. విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసింది కనుక, కొత్త బోర్డు అర్హత కలిగినదైతే అన్నీ కుదుటపడ్డాక విండోస్ 11 కు మారడం గురించి కూడా ఆలోచించాలి.

లినక్స్ ఉన్నవారికి

లినక్స్ వాడేవారి పని చాలావరకు తేలిక. డ్రైవర్లు కెర్నెల్‌లోనే (లినక్స్ మూల ప్రోగ్రాములోనే) ఉంటాయి, డిస్కులను యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యతో గుర్తిస్తుంది కనుక సాటా పోర్టు మారినా పట్టించుకోదు. ఉబుంటు తన తొలి బూట్ ఫైలులో అన్ని రకాల కంట్రోలర్లకు చాలావరకు డ్రైవర్లు పెట్టుకుంటుంది. ఫెడోరా ఆ యంత్రానికి కావలసినవే పెట్టుకుంటుంది కనుక, లేవకపోతే గ్రబ్ అనే బూట్ జాబితాలో రెస్క్యూ అన్న వరుసను ఎంచి లేపి, డ్రాకట్ అనే ఉపకరణంతో బూట్ ఫైలును మళ్లీ తయారు చేయాలి. బూట్ జాబితాలో పేరు లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ ఆదేశంతో చేర్చవచ్చు. లాన్ పేరు ఈఎన్‌పీ3ఎస్0 నుంచి ఈఎన్‌పీ5ఎస్0 వంటిదానికి మారుతుంది. స్థిరమైన ఐపీ ఇచ్చిన సర్వర్లలో నెట్‌ప్లాన్ అనే నెట్ అమరికల ఫైలులో ఆ పేరును సరిచేయకపోతే నెట్ రాదు. ఎన్‌విడియా కార్డును తీసేసి లోపలి గ్రాఫిక్స్‌కు మారితే, పాత డ్రైవరును తొలగించేవరకు తెర నల్లగా ఉండిపోవచ్చు. గ్రబ్‌లో నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి లేపి, ఆ పని ముగించండి.

ఫార్మాట్ నిజంగా అవసరమైనప్పుడు

32 బిట్ విండోస్ ఉన్నప్పుడు, డిస్కులోనే చెడు సెక్టార్లు ఉన్నప్పుడు, పైన చెప్పినవన్నీ చేసినా రోజుకు నాలుగుసార్లు నీలితెర వస్తున్నప్పుడు కొత్తగా ఎక్కించడమే సరైనది. అప్పుడు కూడా పాత డిస్కును విప్పి పక్కన పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కదానినే తగిలించి దాని మీద విండోస్ ఎక్కించండి. రెండు డిస్కులూ తగిలించి ఉంచితే, ఇన్‌స్టాలరులో డిస్కు 0, డిస్కు 1 అని మాత్రమే కనిపించే తెర ముందు పొరపాటున పాతదాన్నే తుడిచివేసే ప్రమాదం ఉంది. అంతా పూర్తయి, ట్యాలీ తెరుచుకుని, ప్రింటరులో ఒక కాగితం సరిగా పడ్డాక, పాత డిస్కును రెండవ డిస్కుగా తగిలించి, బయోస్‌లో బూట్ వరుసలో కొత్తదానిని ముందు ఉంచి, ఫైళ్లను అవసరమైనప్పుడు అవసరమైనంత తెచ్చుకోండి. కొన్ని నెలలు గడిచి, ఇక అందులో తెచ్చుకోవలసినది ఏదీ లేదని తేలేవరకు ఆ పాత డిస్కును ఖాళీ చేయవద్దు.